పెంకుటింట్లో మకాం... పిట్టలతో కాలక్షేపం

దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, వేసవి సెలవులు... క్యాలెండర్లో ఎన్ని ఉన్నా ఇల్లాలికి మాత్రం సెలవనేది ఉండదు. ఊటీ వెళ్లినా, ఊరి దేవుడి తిరునాళ్లకు వెళ్లినా పిల్లల బట్టలు, మందులు, పులిహోర పొట్లాలు అన్నీ ఆమె చూసుకోవాల్సిందే. తిరిగొచ్చేసరికి సంచీ నిండా మాసిన బట్టలు, ఒంటి నిండా అలసట!

ఈసారి కాస్త వేరుగా ఆలోచిస్తే? పొలాల మధ్య ఓ చిన్న ఇల్లు. తెల్లవారుతూనే పిట్టల కూతలు. దగ్గర్లోనే వందలాది కొంగలు వాలే చెరువు. ఖర్చు తక్కువ, హడావుడి అసలే లేదు. అక్టోబరు నుంచి మార్చి దాకా ఇందుకు మంచి అదను.

మన కాటేజీ మనకే ఉంది

కాటేజీ అనగానే వేలకు వేలు అద్దె పోయాలని బెంగపడకండి. మనలో చాలామందికి అది ఇప్పటికే ఉంది. అమ్మమ్మగారి ఊళ్లోనో, మేనమామగారి ఊళ్లోనో తాళం వేసి ఉన్న పెంకుటిల్లే మన కాటేజీ! నాలుగు రోజుల ముందు ఫోన్ చేసి దులిపించమంటే సరి. అలాంటి ఇల్లు లేనివాళ్లు తోటల్లో అద్దెకిచ్చే గదులు వెతుక్కోవచ్చు. ఏదైనా సరే, అడ్వాన్సు ఇచ్చే ముందు నాలుగు సంగతులు అడగండి. మరుగుదొడ్డి ఇంట్లోనే ఉందా? నీళ్లకు, కరెంటుకు ఇబ్బంది లేదు కదా? రాత్రిళ్లు పక్కన మనుషులుంటారా? ఆసుపత్రి ఎంత దూరం? ఆడవాళ్లకి ఇవి చిన్న విషయాలు కావు. మొహమాటపడితే సెలవంతా పాడవుతుంది.

ఆరు నుంచి తొమ్మిది దాకా

పక్షులు చురుగ్గా తిరిగేది పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా. మళ్లీ సాయంత్రం పొద్దు గూకే ముందు. చిక్కల్లా ఇక్కడే ఉంది. సరిగ్గా ఆ వేళకే ఇల్లాలు కాఫీలు, టిఫిన్లు అంటూ పొయ్యి దగ్గర ఉంటుంది. ఇంటిల్లిపాదీ కొంగల్ని చూసొచ్చి 'అబ్బ, ఎంత బాగున్నాయో!' అంటుంటే ఆవిడ ఉప్మా కలుపుతూ వినాలి. ఇదేం సెలవు?

అందుకే బయల్దేరకముందే ఓ ఒప్పందానికి రండి. పొద్దున పూట పొయ్యి వెలిగించేది లేదు. ఫ్లాస్కులో కాఫీ, అరటిపళ్లు, అటుకులు, వేయించిన పల్లీలు చాలు. తొమ్మిది దాటాక తిరిగొచ్చి అందరూ కలిసి వంట చేసుకోవచ్చు. ఊళ్లో ఎవరైనా వండిపెడతామంటే మరీ మంచిది. అయితే చుట్టరికం పేరు చెప్పి ఆవిడ కష్టాన్ని ఉత్తినే వాడుకోకండి. తగిన డబ్బు ముందే మాట్లాడుకోండి.

పెరట్లోనే మొదలెట్టండి

మొదటి రోజే ఎక్కడికో పరుగెత్తక్కర్లేదు. అరుగు మీద కూర్చుంటే గోరింకలు, పికిలిపిట్టలు, తేనెపిట్టలు, జెముడుకాకి వాటంతటవే పలకరిస్తాయి. కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్ట ఎగిరినప్పుడు రెక్కల్లోని నీలాన్ని చూడండి. అది తెలంగాణ రాష్ట్ర పక్షి. ఆంధ్రప్రదేశ్ మాత్రం 2018లో రామచిలుకను తన రాష్ట్ర పక్షిగా ఎంచుకుంది.

బావి మీదికి వంగిన కొమ్మకో, ఈత చెట్టుకో గిజిగాడి గూళ్లు వేలాడుతుంటే పిల్లలకి తప్పక చూపించండి. ఆ గూడు అల్లేది మగపిట్ట. సగం అల్లాక ఆడపిట్ట వచ్చి పరీక్షిస్తుంది. నచ్చితేనే కాపురం! నచ్చకపోతే మగపిట్ట దాన్ని వదిలేసి ఇంకోటి మొదలెడుతుంది. సగంలో ఆగిపోయిన గూళ్లు కొన్ని కనిపించడానికి అదో కారణం.

వరిమడిలో ముక్కు మధ్య సందు ఉన్న కొంగ కనిపిస్తే అది నత్తగుల్ల కొంగ. నత్తల్ని గుల్లలోంచి లాగి తినడంలో దిట్ట.

ఎక్కడికి వెళ్లొచ్చు?

తిరుపతి జిల్లా దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు గూడబాతులకు పుట్టిల్లు. 1976లోనే దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద అవి గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. వాటి రెట్ట కలిసిన చెరువునీళ్లు పైరుకు బలమని ఊరి రైతులు మొదట్నుంచీ వాటిని కాపాడుకుంటూ వచ్చారు. అక్కడి నుంచి సూళ్లూరుపేట వెళ్లి శ్రీహరికోట రోడ్డెక్కితే రెండువైపులా పులికాట్ సరస్సే. లోతులేని ఉప్పునీళ్లలో రాజహంసలు బారులు తీరి మేస్తుంటాయి. వాటి గులాబీ రంగు వచ్చేది తినే తిండి నుంచే.

కృష్ణా, గోదావరి జిల్లాల వాళ్లకి కైకలూరు పక్కన ఆటపాక ఉంది. కొల్లేరులో చెట్లు తక్కువని ఇనుప స్టాండ్లు నిలిపితే గూడబాతులు వాటి మీదే కాపురాలు పెట్టాయి. గుంటూరుకు ఆనుకుని ఉన్న ఉప్పలపాడు చెరువులోనూ ఇదే దృశ్యం. శ్రీకాకుళం వాళ్లకి టెక్కలి దగ్గర తేలినీలాపురం, హైదరాబాద్ వాళ్లకి సంగారెడ్డి దగ్గర మంజీర. మంజీరలో మొసళ్లు కూడా ఉంటాయి. పిల్లల్ని నీటి అంచుకు పోనివ్వకండి.

ఇక రాయలసీమలో, లేపాక్షికి దగ్గర్లోని వీరాపురం సంగతి వేరు. అక్కడ ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్య చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా ఊరంతా వాటిని చూసుకుంటుంది. రెట్టలు, వాసన భరిస్తుంది తప్ప ఒక్క రాయి కూడా విసరదు.

ఇవి సైబీరియా పక్షులేనా?

చాలామంది అలాగే అనుకుంటారు. కానీ గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ రెండూ మన పక్షులే. మేత, నీళ్లు, గూటికి చెట్లు ఎక్కడ దొరికితే అక్కడికి మనదేశంలోనే మకాం మారుస్తుంటాయి. చలికాలంలో ఉత్తర దేశాల నుంచి వచ్చేవి సూదితోక బాతుల్లాంటివి. అవి ఇక్కడ గుడ్లు పెట్టవు. ఈ తేడా తెలుసుకోవడం ముఖ్యం. మన చెరువు ఎండినా, మన చెట్టు కొట్టేసినా గూడబాతులకి పిల్లల్ని పెంచుకోవడానికి వేరే దేశం లేదు మరి!

పురిటింటి మర్యాద

పురిటి గదిలోకి ఎవరుబడితే వాళ్లు, కేకలేసుకుంటూ వెళ్తామా? గూళ్ల దగ్గరా అంతే. మనం దగ్గరికెళ్తే తల్లిపక్షి బెదిరి లేచిపోతుంది. ఆ కాసేపట్లోనే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి, ఎండకు కూనలు సొమ్మసిల్లుతాయి. ఫొటో కోసం చప్పట్లు కొట్టి ఎగరగొట్టడం, రాళ్లేయడం, ఫోన్లో పిట్టకూతలు వినిపించి పిలవడం... ఏదీ వద్దు. తినుబండారాల కవర్లు మీ సంచిలోనే తిరిగి రావాలి.

ఏమేం కావాలి?

* ఆకుపచ్చ, మట్టి రంగు నూలు బట్టలు. మెరిసే చీరలు, ఘాటు సెంట్లు ఇంట్లోనే ఉంచండి.
* టోపీ, నీళ్లసీసా, జారని చెప్పులు, దోమల మందు.
* ఒక బైనాక్యులర్. 8×42 అని రాసి ఉంటే ఎనిమిదింతలు పెద్దగా చూపిస్తుందని అర్థం. కొత్తవాళ్లకి అది చాలు.
* చెరువుల దగ్గర మరుగుదొడ్డి ఉంటుందన్న నమ్మకం లేదు. ముందే ఆరా తీయండి. నీళ్లు తాగడం మాత్రం మానొద్దు.
* ఒక నోటుపుస్తకం. ఏ పిట్ట, ఏ వేళ, ఏ చెట్టు మీద అన్నది రాసుకోండి.

ఈ చివరిది చిన్నచూపు చూడకండి. జమాల్ ఆరా అనే ఆవిడ ఇప్పటి జార్ఖండ్ అడవుల్లో పక్షుల్ని గమనిస్తూ రాసుకుంటూనే నిపుణురాలయ్యారు. పిల్లల కోసం ఆమె రాసిన పక్షుల పుస్తకాన్ని నేషనల్ బుక్ ట్రస్ట్ 1970లో వేసింది. మీ నోటుపుస్తకంలో మొదటి పేజీకి పేరు గోరింకదే అయినా ఫర్వాలేదు. ఆ పేజీ రాసేటప్పుడు పొయ్యి మీద పాలు పొంగుతాయన్న కంగారు మాత్రం మీకు ఉండకూడదు. ఆ పాల సంగతి ఇంట్లో ఎవరు చూస్తారో ఈ రాత్రే తేల్చేసుకోండి మరి!