ఎడమ కంటికి ఎరుపు

“ఫోటోషాప్ కొత్త వెర్షన్‌లో ఏమేం వచ్చాయో రాయండి. శ్రీహరికోటకు ముడిపెడితే ముఖచిత్రానికి రాకెట్ బొమ్మ దొరుకుతుంది. గురువారం సాయంత్రానికి కావాలి” అన్నారు ఎడిటర్ గారు. రాకెట్‌కూ ఫోటోషాప్‌కూ ముడేమిటని అడిగేలోపే ఫోన్ పెట్టేశారు.

ముడి సూళ్లూరుపేటలోనే దొరికింది. పులికాట్ నీళ్ల మధ్యగా శ్రీహరికోటలోని రాకెట్ ప్రయోగ కేంద్రం షార్‌కు వెళ్లే దారి మొదలయ్యే ఊరది. నేను ఆగిన స్టూడియోలో కంప్యూటర్ తెర మీద ఒక పెళ్లికొడుకు. వెనకాల నిప్పులు కక్కుతూ లేస్తున్న రాకెట్. వెనుకటి రోజుల్లో ఇలా అతికిస్తే వెలుతురు ఒక పక్క, నీడ ఇంకో పక్క పడి చంటిపిల్లాడికి కూడా గుట్టు తెలిసిపోయేది. 2025 అక్టోబరు వెర్షన్‌తో వచ్చిన హార్మనైజ్ ఆ బాధ తీర్చింది. వెనక దృశ్యంలో వెలుగు ఎటునుంచి వస్తోందో అదే చూసుకుంటుంది. మనిషి ఒంటి మీద రంగు మారుస్తుంది, కాళ్ల కింద నీడ పరుస్తుంది. గంటన్నర కూర్చుని వేసే నీడ ఒక్క నొక్కుతో పడిపోతుంది. ఫోటోలో అడ్డొచ్చే తీగల్నీ జనాన్నీ వెతికి తీసేసే సదుపాయమైతే అంతకు ఏడాది ముందే వచ్చింది. ప్రయోగం చూడవచ్చి ఫోన్లు పైకెత్తిన తలలన్నీ దాంతో మాయం. నాకు మాత్రం ఆ తలలే ఇష్టం.

ఇక్కడిదాకా ఎడిటర్ గారు అడిగిందే రాశాను. తర్వాత దారి తప్పాను. తప్పించింది ఇస్రో పెట్టిన నాలుగైదు వాక్యాల చిన్న వివరణ.

2023 సెప్టెంబరు 5న ఇస్రో ఒక బొమ్మ విడుదల చేసింది. చంద్రయాన్-3 ప్రజ్ఞాన్ రోవర్‌ను నిద్రపుచ్చి మూడు రోజులు, విక్రమ్ ల్యాండర్‌ను నిద్రపుచ్చి ఒక్క రోజు అయింది. జులై 14 మధ్యాహ్నం 2.35కు శ్రీహరికోట రెండో ప్రయోగ వేదిక నుంచి బయల్దేరిన ఆ జంట మళ్లీ లేవలేదు. బొమ్మలో చంద్రుడి నేల మీద విక్రమ్ నిలబడి ఉంది. మామూలు కంటితో చూస్తే అంచులన్నీ రెండుగా చీలి, ఒక పక్క ఎరుపు, ఒక పక్క నీలిపచ్చ. కింద ఇచ్చిన వివరణ ఇదీ: ప్రజ్ఞాన్‌కు ఉన్న రెండు నావ్‌క్యామ్‌లలో ఎడమది తీసిన బొమ్మను ఎరుపు ఛానెల్‌లో, కుడిది తీసిన బొమ్మను నీలం, ఆకుపచ్చ ఛానెళ్లలో పెట్టాం, ఎరుపు-సయాన్ (నీలిపచ్చ) కళ్లజోడు పెట్టుకుని చూడండి.

అంతే. మంత్రమూ లేదు, కృత్రిమ మేధా లేదు. కంప్యూటర్‌లో ఏ రంగుల ఫోటో అయినా నిజానికి మూడు నలుపు-తెలుపు ఫోటోల పేర్పు. ఒకటి ఎరుపు ఎంతుందో చెబుతుంది, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. ఈ మూడు అరల్లో ఒకదాంట్లో ఎడమ కన్ను చూసింది, మిగతా రెంటిలో కుడి కన్ను చూసింది పెట్టారు. కళ్లజోడులో ఎడమ పక్కనున్న ఎర్ర కాగితం ఎరుపును మాత్రమే రానిస్తుంది. కాబట్టి ఎడమ కంటికి ఎడమ బొమ్మే అందుతుంది, కుడి కంటికి కుడిదే. రెంటికీ ఉన్న కాస్త తేడా నుంచి మన మెదడు లోతును లెక్కగడుతుంది.

రోవర్‌కు రెండు కళ్లు పెట్టింది మన ముచ్చట తీర్చడానికి కాదు. బెంగళూరులోని ఇస్రో ప్రయోగశాల లియోస్ తయారుచేసిన ఈ కెమెరాల జంట బొమ్మల నుంచే నేల ఎత్తుపల్లాలు లెక్కగట్టి, బండి ఎటు పోవాలో నిర్ణయించేవారు. ఆ డేటాను బొమ్మలుగా మలిచింది అహ్మదాబాద్‌లోని ఇస్రో కేంద్రం శాక్. ఆగస్టు 27న ప్రజ్ఞాన్‌కు మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల వెడల్పు గొయ్యి ఎదురైంది. బండిని వెనక్కి మళ్లించి వేరే దారి పట్టించారు.

ఆ ఎడమ-కుడి జంట ఫోటోల్లో ఒకటి తీసుకుని, అందం కోసం ఒక రాయిని చెరిపేశామనుకోండి. ఖాళీ అయిన చోట ఫోటోషాప్‌లోని జనరేటివ్ ఫిల్ చక్కటి మట్టిని కల్పించి పెడుతుంది. ఒక్క ఫోటోగా చూస్తే ఎవరూ పట్టుకోలేరు. పక్కన రెండోది పెట్టి చూస్తే మాత్రం అక్కడ లోతు కుదరదు, ఎడమ కన్ను చెప్పింది కుడి కన్ను ఒప్పుకోదు.

ఒంటికన్ను బొమ్మ ఒకటి ఆ రోజుల్లోనే ఊరూరా తిరిగింది. ప్రజ్ఞాన్ చక్రాల మీద జాతీయ చిహ్నం, ఇస్రో గుర్తు చెక్కారు, అవి చంద్రుడి మట్టిలో అచ్చు పడాలని. ఆగస్టు 23న విక్రమ్ దిగిన కొద్ది గంటల్లోనే ఆ అచ్చుల ఫోటో అంటూ ఒకటి మన వాట్సాప్ గ్రూపులన్నిటికీ వచ్చింది. నాకూ వచ్చింది, నేనూ నలుగురికి పంపాను. మూడు సింహాలు రబ్బరు స్టాంపు కొట్టినంత స్పష్టంగా ఉన్నాయి. అది ఒక అభిమాని ముచ్చటపడి చేసుకున్న డిజిటల్ బొమ్మ. అతను మోసం చేయలేదు, చేతులు మారే కొద్దీ అది ‘ఫోటో’ అయింది. నిజంగా జరిగింది వేరు. అక్కడి మట్టి పొడిపొడిగా కాక గడ్డకట్టినట్టు ఉండటంతో అచ్చులు స్పష్టంగా పడలేదు. ఆ పడకపోవడమే శాస్త్రవేత్తలకు కొత్త సమాచారం. ఆ కబురు నేను నలుగురికి పంపలేదు.

ఫోటోలో ఏమేం మార్చారో చీటీలా వెంట ఉండే కంటెంట్ క్రెడెన్షియల్స్ ఇప్పుడు ఫోటోషాప్‌లోనే ఉంది. పనికొచ్చేదే. వాట్సాప్ దారిలో ఆ చీటీ ఊడిపోతుంది, అదీ చిక్కు.

ఫోటోషాప్ చరిత్ర కావాలంటే ఒక్క గుక్కలో: 1987లో అమెరికాలో థామస్ నోల్ మొదలుపెట్టగా తమ్ముడు జాన్ చేయి కలిపాడు, అడోబీ 1990లో మొదటి వెర్షన్ అమ్మింది, 1994లో లేయర్లు, 2002లో మొటిమలు మాయం చేసే హీలింగ్ బ్రష్, 2010లో కంటెంట్ అవేర్ ఫిల్, 2023లో మాట చెబితే బొమ్మ గీసే జనరేటివ్ ఫిల్. ఇస్రో వాడిన ఛానెళ్ల కిటుకుకు వీటిలో ఏదీ అక్కర్లేదు.

మంట తెలుపెందుకు?
చంద్రయాన్-3ను మోసిన ఎల్‌వీఎం3 రాకెట్‌కు రెండు పక్కలా ఉండే బూస్టర్లలో ఒక్కోదాంట్లో సుమారు 200 టన్నుల ఘన ఇంధనం. అందులో అల్యూమినియం పొడి ఉంటుంది, కళ్లు చెదిరే తెలుపు దాని చలవే. రాత్రి ప్రయోగంలో మంట దక్కాలంటే చుట్టూ చీకటైపోతుంది, చుట్టూ కనపడాలంటే మంట సున్నం కొట్టినట్టవుతుంది. చీకటిగా తీసి తర్వాత వెలుగు పెంచితే ఫోటో నిండా రవ్వ. ఆ రవ్వను ఏరేసే డీనాయిజ్ 2023 ఏప్రిల్‌లో అడోబీ లైట్‌రూమ్‌కు వచ్చింది. కొత్తవాటిలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది ఇదొక్కటే.

ఇంట్లోనే త్రీడీ
కదలని వస్తువును ఫోన్‌తో ఒక ఫోటో తీయండి. ఫోన్‌ను ఆరు సెంటీమీటర్లు కుడికి జరిపి ఇంకోటి తీయండి. రెండో ఫోటో తెరిచి, ఛానెల్స్‌లో ఎరుపును మాత్రమే నొక్కి, మొదటి ఫోటోను అందులో అతికించండి. పాత వెర్షనైనా చాలు. పిల్లల పుస్తకాలతో వచ్చే అట్ట కళ్లజోడు ఎక్కడుందో వెతుక్కోండి.

రాకెట్‌కు బదులు ఆ ఎరుపు-నీలిపచ్చ బొమ్మనే ముఖచిత్రంగా ఇవ్వడానికి ఎడిటర్ గారిని ఒప్పించేసరికి గురువారం రాత్రి తొమ్మిదైంది. పది దాటాక ప్రెస్ నుంచి ఫోన్. “సార్, కవర్ పేజీ రిజిస్టర్ తప్పింది. ఎరుపు ఒక పక్కకు జరిగిపోయింది. ప్లేట్లు మళ్లీ వేయమంటారా?”

వద్దు, అలాగే కొట్టండి అన్నాను.