ఆట ఎక్కడ ఆగుతోంది?

‘అన్నా, గేమ్ ల్యాగ్ కొడుతోంది. ప్రాసెసర్ మార్చాలా, గ్రాఫిక్స్ కార్డ్ మార్చాలా?’

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు పాత క్యాబినెట్ మోసుకొచ్చే కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఇది. కౌంటర్ అవతల ఎంత అనుభవమున్న మెకానిక్ ఉన్నా నోటిమాటగా దీనికి జవాబు చెప్పలేడు. ఎందుకంటే ఆ జవాబు ఆడే ఆటలో ఉంటుంది, దాన్ని చూపే మానిటర్‌లో ఉంటుంది. వేలకు వేలు పోశాక కూడా ఆట అంతకుముందులాగే నత్తనడక నడవడానికి కారణం సాధారణంగా ఒక్కటే: మార్చాల్సింది ఒకటైతే మార్చింది మరొకటి.

2018లో అసెంబుల్ చేయించిన సిస్టమ్ ఒకటి తీసుకుందాం. బీ450 మదర్‌బోర్డ్, రైజెన్ 5 2600 ప్రాసెసర్, 6 జీబీ జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డ్, ఫుల్ హెచ్‌డీ మానిటర్. ఆ రోజుల్లో మధ్యతరగతి బడ్జెట్‌కు అందిన మంచి జోడీ అది. ‘జీటీఏ 5’ను హాయిగా ఆడించింది. ఇప్పుడు అదే సిస్టమ్‌లో ‘సైబర్‌పంక్ 2077’ పెడితే ఈడుస్తుంది. ‘కౌంటర్ స్ట్రైక్ 2’ పెడితే పొగ బాంబులు పడి, పదిమందీ ఒకచోట చేరినప్పుడు ఉలిక్కిపడినట్టు ఆగి ఆగి కదులుతుంది. చూసేవాళ్లకు రెండూ ల్యాగే. రోగాలు మాత్రం వేరు.

తెరపై కనిపించే ప్రతి ఫ్రేమ్‌కూ ముందు ప్రాసెసర్ లెక్కలు వేస్తుంది. ఎవరు ఎక్కడున్నారు, తూటా ఎటు వెళ్లింది, గోడ ఎలా కూలింది అని తేల్చి, ఏం గీయాలో కార్డ్‌కు చెబుతుంది. కార్డ్ దాన్ని చుక్క చుక్కగా గీస్తుంది. పెళ్లి విందులో వంటశాల నుంచి గిన్నెలు రాకపోతే వడ్డించేవాళ్లు ఎంతమంది ఉన్నా బంతి కదలదు. గిన్నెలు నిండుగా ఉండి వడ్డించేవాళ్లు ఇద్దరే అయినా అంతే.

ఎవరి కోసం ఎవరు ఆగుతున్నారో కనిపెట్టడానికి రూపాయి ఖర్చు లేదు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గేమ్ నడుస్తుండగానే తెర మూలన అంకెలు కనిపించేలా పెట్టుకోవచ్చు. ముందు వీ-సింక్, ఫ్రేమ్ లిమిట్ తీసేయాలి. అవి ఆన్‌లో ఉంటే కార్డ్ కావాలనే తీరిగ్గా పనిచేస్తుంది, అంకెలు తప్పుదోవ పట్టిస్తాయి. ఆ తర్వాత బాగా ఇబ్బంది పెట్టే సన్నివేశంలో పది నిమిషాలు ఆడాలి. కార్డ్ వాడకం 95 శాతం దాటి అక్కడే నిలబడిందంటే అది శక్తికి మించి మోస్తోందని అర్థం. 50, 60 దగ్గర ఊగిసలాడుతూ ఫ్రేములు పడిపోతుంటే ప్రాసెసర్ వైపు చూడాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 35 శాతమే కనిపిస్తుంది కాబట్టి దానికేం ఢోకా లేదనుకుంటారు. 2600కు ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. గేమ్ ప్రధాన భారం ఒకటి రెండు థ్రెడ్ల మీదే పడి అవి ఉక్కిరిబిక్కిరవుతున్నా, మిగతావి ఖాళీగా ఉండటంతో సగటు తక్కువే చూపిస్తుంది. అనుమానం తీరాలంటే రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించి చూడాలి. ఫ్రేములు బాగా పెరిగితే కార్డే బలహీనం. పెద్దగా కదలకపోతే ప్రాసెసర్.

సగటు ఎఫ్‌పీఎస్ ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేమ్‌కు 16.7 మిల్లీసెకన్లు. మధ్యలో ఏదో ఒక్కటి 80 మిల్లీసెకన్లు తీసుకుంటే సగటు చెక్కుచెదరదు కానీ కంటికి కుదుపు తెలిసిపోతుంది. 2011లో ‘ద టెక్ రిపోర్ట్’లో స్కాట్ వాసన్ ఈ కొలతను పట్టి చూపించాక రివ్యూలు రాసే పద్ధతే మారింది.

పర్సు తీసేముందు ఇంకో పని. మన ఎండలకు క్యాబినెట్‌లోని దుమ్ము తోడైతే వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాన్లు శుభ్రం చేసి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చాలి. ఒకే 8 జీబీ ర్యామ్ స్టిక్‌తో నెట్టుకొస్తున్న రైజెన్‌కు రెండో స్టిక్ జతచేస్తే చెప్పుకోదగ్గ తేడా వస్తుంది. బయోస్‌లో ఎక్స్ఎంపీ ఆన్ చేయకపోతే 3000 వేగమున్న డీడీఆర్4 కూడా 2133 దగ్గరే నడుస్తుంది. ఏళ్ల తరబడి ఇలాగే నడుస్తున్న సిస్టమ్‌లు ఉన్నాయి, పాపం.

కథ ఉన్న పెద్ద గేములే ప్రాణం అనుకునేవాళ్లు కార్డ్ మార్చాల్సిందే. ‘సైబర్‌పంక్’ ఇప్పుడు కనీసం ఉండాలని అడిగేదే 6 జీబీ 1060. 2024 డిసెంబరులో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్’కు రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ తప్పనిసరి. 1060 దాని దరిదాపుల్లోకి రాదు. పైగా ఆ తరం కార్డులకు కొత్త గేముల డ్రైవర్లను ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది. ఊరట ఏమిటంటే 1060కి 120 వాట్లు కావాలి, దానికన్నా ఎంతో మెరుగైన ఆర్‌టీఎక్స్ 4060కి 115 చాలు. మంచి ఎస్ఎంపీఎస్ ఉంటే దాన్ని కదిలించక్కర్లేదు.

అయితే బాక్సు మీది ధర చూసి మోసపోకూడదు. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీకి ఉన్నవి నాలుగే పీసీఐఈ లేన్లు. బీ450 లాంటి పాత బోర్డ్‌లో వాటి వేగం సగానికి పడిపోతుంది. ఇంటెల్ ఆర్క్ బీ580 విషయం ఇంకా గుర్తుంచుకోదగింది. 12 జీబీ మెమరీతో 249 డాలర్లకే వచ్చి మెప్పు పొందిన ఆ కార్డ్, 2025 జనవరిలో పాత ప్రాసెసర్లతో జతచేసి పరీక్షించేసరికి గట్టిగా వెనకబడింది. డ్రైవర్ పని చాలావరకు ప్రాసెసర్ మీదే పడటం అందుకు కారణం. పాత పీసీలున్నవాళ్లకే నచ్చే ధర, పాత పీసీలోనే చిక్కు!

‘కౌంటర్ స్ట్రైక్’, ‘వాలరెంట్’ ఆడేవాళ్ల లెక్క తిరగబడుతుంది. సెట్టింగులన్నీ తగ్గించి, 144 హెర్ట్జ్ మానిటర్‌పై ఫ్రేములే సర్వస్వంగా ఆడతారు. కార్డ్‌కు పని తక్కువ, ప్రాసెసర్‌కు ఒక్కో ఫ్రేమ్‌కు దొరికేది 7 మిల్లీసెకన్ల లోపే. ఇక్కడ 2600 స్థానంలో రైజెన్ 5 5600 పెడితే ఆట మారిపోతుంది. చిత్రమేమిటంటే రెండింటికీ కోర్లు ఆరే, వాట్లు 65 చొప్పునే. తేడా లోపలి నిర్మాణంలో ఉంది. 2600లో 16 ఎంబీ ఎల్3 క్యాష్ ఎనిమిదేసి ఎంబీలుగా రెండు ముక్కలై ఉంటుంది. 5600లో ఆరు కోర్లకూ ఉమ్మడిగా 32 ఎంబీ. ఈ క్యాష్‌నే 96 ఎంబీకి పెంచి 2022లో తెచ్చిన 5800ఎక్స్3డీ అప్పటి ఖరీదైన ప్రాసెసర్లతో గేముల్లో పోటీపడింది. కోర్ల సంఖ్య చూసి కొనడం ఎంత పొరపాటో దీంతో తెలుస్తుంది.

పాత బోర్డ్‌లోనే 5600 పెట్టుకునే ఈ అవకాశం కూడా ఊరికే రాలేదు. బీ450 బోర్డులకు కొత్త తరం రైజెన్లు పనికిరావని 2020 మేలో ఏఎండీ ప్రకటించింది. కొన్నవాళ్లు గట్టిగా అడిగేసరికి అదే నెలలో వెనక్కి తగ్గింది. ఇంటెల్ ఐ5-7400 ఉన్నవాళ్లకు ఆ అదృష్టం లేదు. ఎనిమిదో తరం ప్రాసెసర్‌కూ సాకెట్ పేరు అదే 1151 అయినా వాళ్ల బోర్డ్‌లో పనిచేయదు, విండోస్ 11 జాబితాలో 7400కి చోటు లేదు. బోర్డ్‌తో కలిపి మార్చాల్సిందే. అలాంటివాళ్లు ముందు కార్డ్ కొనుక్కోవడం మేలు, రేపటి సిస్టమ్‌లోకి అది వెంట వస్తుంది. ఏఎం5లాంటి కొత్త బోర్డులు అడిగే డీడీఆర్5 ర్యామ్ ధరలు 2025 చివర్లో భగ్గుమన్నాయి కాబట్టి పాత బోర్డ్‌ను మరికొంతకాలం లాగడంలోనే లాభముంది.

బీ450లో 5600 వేయదలిస్తే పాత ప్రాసెసర్ సాకెట్‌లో ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. పాత బయోస్‌తో కొత్తది పెట్టేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర వెలగదు. అప్‌డేట్ సాగే ఆ కాసేపట్లో కరెంటు పోతే బోర్డే పాడయ్యే ప్రమాదముంది కాబట్టి ముందుగా సిస్టమ్‌ను యూపీఎస్‌కు తగిలించాలి.