ఒకే ప్రభుత్వం, మూడు వానాకాలాలు

జూన్‌లో మాహే జోరువానలో తడుస్తుంటే, పుదుచ్చేరి ఇంకా ఎండలో మాడుతుంటుంది. రెండూ ఒకే కేంద్రపాలిత ప్రాంతంలోని పట్టణాలు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు తీరంలో, మాహే కేరళ తీరంలో, యానాం గోదావరి ఒడ్డున ఉన్నాయి. అందుకే భారత వాతావరణ విభాగం ఈ నాలుగింటినీ మూడు వేర్వేరు ఉపవిభాగాల్లో చేర్చింది.

ఈ తేడాకు కారణం కొండలు, గాలుల దిశ. జూన్‌లో అరేబియా సముద్రం నుంచి వచ్చే నైరుతి గాలులు పశ్చిమ కనుమలను ఢీకొని పైకి లేస్తాయి. పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడి, అందులోని ఆవిరి నీరుగా మారుతుంది. కనుమలకు పడమట ఉన్న మాహేలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్-సెప్టెంబరు మధ్యే. కనుమలు దాటేసరికి ఆ గాలిలో తేమ తగ్గిపోతుంది. అందుకే తూర్పు తీరంలోని పుదుచ్చేరికి ఆ నాలుగు నెలల్లో దక్కేది తక్కువ.

అక్టోబరులో గాలి దిశ మారుతుంది. ఈశాన్య గాలులు బంగాళాఖాతం మీదుగా వస్తూ తేమను మోసుకొస్తాయి. పుదుచ్చేరిలో ఏడాదికి కురిసే సుమారు 1,300 మిల్లీమీటర్లలో సగానికి పైగా అక్టోబరు-డిసెంబరు మధ్యే పడుతుంది.

యానాం పరిస్థితి వేరు. బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాల వల్ల అక్కడ నైరుతి కాలంలోనే ఎక్కువ వాన పడుతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపానుల ముప్పు కూడా ఉంటుంది. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చేసిన తుపాను యానాంనూ వదల్లేదు.

పుదుచ్చేరి ఏడాది నీళ్లు దాదాపు మూడు నెలల మీదే ఆధారపడి ఉన్నాయి. ఆ వాన కూడా సమంగా పడదు. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను తీరం దాటినప్పుడు పుదుచ్చేరిలో ఒక్క రోజులోనే 45 సెంటీమీటర్లకు పైగా వాన కురిసి, వీధులు చెరువులయ్యాయి. అంత వేగంగా పడ్డ నీరు భూమిలోకి ఇంకేలోపే సముద్రంలోకి పోతుంది. వాన తగ్గిన ఏడాది బోర్లు అతిగా తోడితే, తీరం దగ్గర భూగర్భంలోకి ఉప్పునీరు చొరబడుతుంది. ఊసుడు, బాహూరు చెరువుల్లో డిసెంబరు నాటికి ఎంత నీరు నిలిచిందన్నది అందుకే ముఖ్యం.

సెప్టెంబరు చివర "దేశంలో వర్షపాతం సాధారణం" అన్న వార్త మాహే వాసులకు దాటిపోయిన కాలం లెక్క. పుదుచ్చేరికి అసలు వానాకాలం అప్పటికింకా మొదలే కాలేదు.