మర్రి నీడలో జీపీఎస్ లెక్క

ఆదివారం తెల్లవారుజామున మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తే సైకిళ్లు కనిపిస్తాయి. ఎవరికి వాళ్లు ఒంటరిగా తొక్కుతున్నట్టే ఉంటారు. కానీ వాళ్లలో కొందరు పోటీలో ఉన్నారు. ప్రత్యర్థి పోయిన నెలలోనే ఇదే రోడ్డు మీద తొక్కి వెళ్లిపోయాడు. అతని టైం మాత్రం ఫోన్‌లో ఉంది.

ఇలాంటి పోటీకి దారి పడింది 2000 మేలో. జీపీఎస్ పౌర సిగ్నల్‌లో కావాలనే కలుపుతున్న తప్పును అమెరికా అప్పుడు ఆపేసింది. అంతకుముందు మామూలు రిసీవర్‌కి 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. అది పది మీటర్ల స్థాయికి తగ్గాక 2003లో గార్మిన్ ఫోర్‌రన్నర్, 2009లో స్ట్రావా వచ్చాయి. రోడ్డులో ఒక ముక్కని ‘సెగ్మెంట్’ అని గుర్తు పెడితే చాలు, ఆ దారిన వెళ్లి రైడ్ అప్‌లోడ్ చేసినవాళ్లకి ర్యాంకులు వచ్చేస్తాయి.

లోపల జరిగేది టైం లెక్కే. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం నుంచి సిగ్నల్ రావడానికి ఎంతసేపు పట్టిందో వాచీ కొలుస్తుంది. ఒక్క మైక్రోసెకను తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. వాచీలో ఉన్నది చవక గడియారం. అందుకే స్థానం కోసం మూడు ఉపగ్రహాలు, ఆ గడియారాన్ని సరిచేయడానికి నాలుగోది కావాలి.

మన రోడ్డుకి ఇంకో చిక్కుంది: మర్రిచెట్లు. దట్టమైన ఆకులు సిగ్నల్‌ని బలహీనం చేస్తాయి. కొన్నిసార్లు అది కొమ్మలకి తగిలి చుట్టు తిరిగి వస్తుంది. మనం తిన్నగా వెళ్లినా మ్యాప్‌లో గీత వంకర్లు పోతుంది. గంటకి 36 కిలోమీటర్లంటే సెకనుకి 10 మీటర్లు. సెగ్మెంట్ మొదట్లో 10 మీటర్లు తప్పితే ఒక సెకను తప్పినట్టే. ఆ ఒక్క సెకనుకే ఒక్కోసారి ర్యాంకు మారిపోతుంది.

రన్నింగ్‌లోనూ అంతే. “నా వాచీలో 10.2 వచ్చింది, మీ కొలత తప్పు” అని రేసు నిర్వాహకులతో వాదించేవాళ్లు ఉంటారు. నిజానికి సర్టిఫైడ్ రేసు దారిని ఇప్పటికీ సైకిల్ చక్రానికి బిగించిన కౌంటర్‌తోనే కొలుస్తారు. దూరం తగ్గకూడదని కిలోమీటరుకి ఒక మీటరు కలుపుతారు కూడా. అంటే మారథాన్‌కి దాదాపు 42 మీటర్లు అదనం. గెలుపు తేల్చడానికి టైమింగ్ చిప్ ఉంటుంది.

సెగ్మెంట్ పోటీకి నిర్వాహకుడు లేడు, రోడ్డు ఆపేవాడూ లేడు. 2025 నవంబర్‌లో ఇదే రోడ్డు మీద, చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని ఎంతమంది పోయారో మనం మర్చిపోలేదు. మనం ఎక్కడున్నామో వాచీ చెప్తుంది, ఎదురుగా ఏమొస్తోందో చెప్పదు. మర్రి నీడలో అది చెప్పే సెకను కూడా అనుమానమే. ఆ సెకను కోసం లారీని ఓవర్‌టేక్ చేయాలనిపిస్తే, ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.