గోధుమ బీరు ఎందుకు తేటపడదు?

జర్మనీలోని బవేరియాలో గోధుమ బీరును గ్లాసులోకి వంచేటప్పుడు చివర్లో కాస్త ఆగుతారు. మిగిలిన కొద్దిపాటి బీరుతో సీసాను గుండ్రంగా తిప్పి, అడుగున పేరుకున్న మడ్డిని కూడా కలిపి పోస్తారు. ఆ బీరు పేరు హెఫెవైట్సెన్. హెఫె అంటే ఈస్ట్, వైట్సెన్ అంటే గోధుమ. వడకట్టి తేటగా అమ్మేదాన్ని క్రిస్టల్‌వైట్సెన్ అంటారు. అంటే అక్కడ మసక లోపం కాదు. అయితే ఇంట్లో బీరు తయారీకి అనుమతి ఉన్న దేశాల్లో (తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా తయారుచేయడం నేరం) కొత్తగా మొదలుపెట్టినవారికి వచ్చే మొదటి అనుమానం ఇదే: ఈ మసక ఉండాల్సిందేనా, లేక బీరు పాడైందా?

ద్రవంలో తేలే సూక్ష్మ రేణువులు కాంతిని అన్ని వైపులకూ చెదరగొడితే అది మసకగా కనిపిస్తుంది. పొగమంచు తెల్లగా ఉండేదీ ఇందుకే. గోధుమ బీరులో ఈ రేణువులు ముఖ్యంగా రెండు రకాలు. మొదటివి 5 నుంచి 10 మైక్రాన్ల ఈస్ట్ కణాలు. రెండోవి గింజలోని ప్రొటీన్లు పాలీఫినాల్స్‌తో ముడిపడి ఏర్పడే గుంపులు. వీటిలో చాలావరకు 1 మైక్రాన్ లోపే ఉంటాయి. స్టోక్స్ సూత్రం ప్రకారం సాంద్రత ఒకటే అయితే, పదో వంతు వ్యాసమున్న రేణువు వంద రెట్లు నెమ్మదిగా దిగుతుంది. అందుకే ఈస్ట్ దిగిపోయాక కూడా పలుచని మసక మిగిలిపోతుంది. పైగా హెఫెవైట్సెన్‌కు వాడే ఈస్ట్ రకాలు ఒకదానికొకటి అంతగా అంటుకోవు, కాబట్టి అవీ త్వరగా దిగవు.

గోధుమ పెరిగేకొద్దీ మసక పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగాలనేమీ లేదు. పాలీఫినాల్ రెండు ప్రొటీన్ల మధ్య వంతెనలాంటిది. బార్లీ పొట్టులో అవి ఉంటాయి, గోధుమ మాల్ట్‌కు పొట్టు ఉండదు. ప్రొటీన్లు మరీ ఎక్కువై వంతెనలు తక్కువైతే పెద్ద గుంపులు కట్టవు.

ఒక తేలికైన పరీక్ష ఉంది. సున్నా డిగ్రీల దగ్గర మసకబారిన బీరు గది ఉష్ణోగ్రతకు వచ్చాక తేటపడితే, అది చల్లదనానికి తాత్కాలికంగా ముడిపడిన ప్రొటీన్ల పనే. చిక్కటి టీ డికాక్షన్‌ను ఫ్రిజ్‌లో పెట్టినా ఇలాంటి మార్పే కనిపిస్తుంది.

బ్యాక్టీరియా కూడా సుమారు 1 మైక్రానే, అదీ కాంతిని చెదరగొడుతుంది. కాబట్టి ఇక్కడ కంటి కంటే ముక్కును నమ్మడం మేలు. లవంగం, అరటిపండు వాసనలు ఈ ఈస్ట్ సహజ లక్షణాలు. అవి వచ్చాయని పారబోయనక్కర్లేదు. ఊహించని పులుపు, పైన తెల్లటి పొర, తీగలా సాగే జిగురు కనిపిస్తే మాత్రం కలుషితమైనట్టే.

అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు వేరే ఉంది. తేటపడింది కదా, పులియడం అయిపోయిందని సీసాలకు మూత బిగించడం. చక్కెర కరిగి ఉంటుంది, కాంతిని అలా చెదరగొట్టదు. అది మిగిలి ఉంటే లోపల కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి పెరిగి గాజు సీసా పగలవచ్చు. మసకగా ఉన్నా తేటగా ఉన్నా, రెండు మూడు రోజుల తేడాతో హైడ్రోమీటర్ రీడింగ్ మారకుండా ఉంటేనే సీసాల్లో నింపాలి.