ఒకే సర్వరు, రెండు తపాలా కౌంటర్లు

రిజిస్టరు ఉత్తరాలకు తపాలా కార్యాలయంలో ఒకప్పుడు వేరే కౌంటరు ఉండేదన్నది అందరూ ఎరిగినదే. గత సంవత్సరం మా విభాగం మెయిల్ సర్వరులో అటువంటి ఏర్పాటే చేయవలసి వచ్చింది. విశ్రాంత ఉద్యోగులకు వైద్య పథకం నవీకరణ నోటీసులు వేల సంఖ్యలో పంపినపుడల్లా రోజువారీ ఉత్తరాలు వాటి వెనుక నిలిచిపోయేవి. కొత్త యంత్రం కొనాలంటే టెండరు పిలవాలి. ఆ కథ పాఠకులకు చెప్పనక్కరలేదు.

మేము వాడుతున్నది పోస్ట్‌ఫిక్స్. ఐ.బి.ఎం.లో వీట్సె వెనెమా రూపొందించగా 1998లో వెలువడిన సాఫ్ట్‌వేరు ఇది. సాధారణంగా ఇది 'ఈటీసీ' క్రింద 'పోస్ట్‌ఫిక్స్' డైరెక్టరీలోని మెయిన్ సీఎఫ్, మాస్టర్ సీఎఫ్ ఫైళ్లను చదివి నడుచుకుంటుంది. వేరొక డైరెక్టరీని చూపితే అదే ప్రోగ్రాము రెండవ సర్వరుగా పనిచేస్తుంది. అయితే ఫైళ్లకు నకలు తీసినంత మాత్రాన చాలదు. క్యూ డైరెక్టరీ, డేటా డైరెక్టరీ వేరు చేయాలి. లేనిచో మొదటిది వేసిన తాళం చూసి రెండవది ప్రారంభమే కాదు. 25వ పోర్టుకు రెండూ పోటీపడకుండా ఐ.పి. చిరునామాలనూ పంచాలి.

ఇవన్నీ చేశాము. రూట్ లాగిన్‌తో పరీక్షించగా ఉత్తరాలు చక్కగా వెళ్లాయి. సంతోషించి ఇళ్లకు వెళ్లాము.

గడువుకు మూడు రోజుల ముందు ఒక విశ్రాంత సహోద్యోగి స్వయంగా వచ్చి, "ఈసారి నోటీసు రాలేదేమండీ?" అని అడిగారు. మా నివేదికలో మాత్రం అన్నీ 'పంపబడినవి'. లాగ్ తెరిచి చూడగా ఒక్కటీ కదలలేదు! నోటీసుల ప్రోగ్రాము సాధారణ యూజరు పేరున నడుస్తుంది. పోస్ట్‌డ్రాప్ దాని ఉత్తరాలను తిరస్కరించింది. ప్రోగ్రాము ఆ తిరస్కారాన్ని గమనించక విజయమని వ్రాసుకున్నది. ఆ తప్పు మాదే.

పోస్ట్‌డ్రాప్ ప్రత్యేక గ్రూపు అధికారంతో నడిచేది. ఎవరు ఏ డైరెక్టరీ చూపినా అంగీకరిస్తే, ఆ అధికారం ఎవరి చేతిలోనైనా ఆయుధమవుతుంది. అందుచేత కొత్త డైరెక్టరీ పేరు మొదటి సర్వరు మెయిన్ సీఎఫ్‌లో 'ఆల్టర్నేట్ కాన్ఫిగ్ డైరెక్టరీస్' అనే వరుసలో నమోదై ఉండాలి. రూట్‌కు ఈ తనిఖీ లేదు. కనుకనే మా పరీక్షలో లోపం బయటపడలేదు. 2009లో వచ్చిన 2.6 వెర్షన్ నుండి పోస్ట్‌మల్టీ అనే సాధనం రెండవ సర్వరును తానే సృష్టించి నమోదు చేస్తుంది. దానిని వాడి ఉండవలసింది. చేతితో చేయగలమన్న ధీమా మాది.

ఒక్క పంక్తి చేర్చి, ఈసారి సాధారణ యూజరుగానే పరీక్షించి, ఆ సాయంత్రమే నోటీసులు పంపాము. మొదట అడగవచ్చిన ఆ పెద్దాయనకు మాత్రం ముందుజాగ్రత్తగా ఫోను కూడా చేశాము.