డ్యాష్‌బోర్డు మీద అఖండ దీపం

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలో చిలకపాలెం కూడలి దగ్గర కాసేపు నిలబడితే రెండు రకాల లారీలు కనబడతాయి. పదహారో నంబరు హైవే మీద విశాఖ నుంచి ఇచ్ఛాపురం దాటి ఒడిశా, బెంగాల్ వెళ్లే దూరపు బండ్లు ఒక రకం. ఇసుకో కంకరో నింపుకుని పది పదిహేను కిలోమీటర్లు పోయి, దింపి, మళ్లీ లోడింగు దగ్గర ఇంజన్ ఆపకుండా వరసలో నిలబడే టిప్పర్లు ఇంకో రకం. రెండింట్లోనూ ఒకే ఇంజన్ ఉండొచ్చు. కానీ ఇంజన్ లైటు వెలిగి ఎంతకీ ఆరకపోవటమనే జబ్బు టిప్పర్లనే ఎక్కువగా పట్టుకుంటుంది.

జబ్బు ముదిరే వరస ఇది. లైటు వెలుగుతుంది. షెడ్డులో స్కానర్ పెట్టి, సైలెన్సర్ చివరి సెన్సర్ పోయిందని మారుస్తారు. వేలకు వేలు ఖర్చు. నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ వెలుగుతుంది. ఈసారి యూరియా చిమ్మే ఇంజెక్టర్ మారుస్తారు. మళ్లీ వెలుగుతుంది. అలాగే తోలుకుపోతే ఇంజన్ బలం నాలుగో వంతు తగ్గుతుంది. అప్పటికీ దారికి రాకపోతే బండి గంటకు 20 కిలోమీటర్లు దాటదు. "పికప్ నేదు బావూ, ఎద్దుబండి నయం" అని డ్రైవర్ తిట్టుకుంటే తిట్టుకోవచ్చు గానీ, ఇంజన్‌కేమీ కాలేదు. బండి సమ్మె చేస్తోంది. పొగ సరిగా శుద్ధి కాకపోతే ఇలా చేయమని, నిబంధనల ప్రకారం కంపెనీవాళ్లే నేర్పిన సమ్మె అది.

పొగతో ఈ తగువు డీజిల్ ఇంజన్ పుట్టుకతోనే వచ్చింది. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన యంత్రానికి స్పార్క్ ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. ఆ నొక్కుడులోనే పొదుపంతా ఉంది. చిక్కేమిటంటే, మామూలుగా ఎవరి జోలికీ పోని గాలిలోని నత్రజని అంత వేడిలో ఆక్సిజన్‌తో కలుస్తుంది. ఎలా కలుస్తుందో సోవియట్ శాస్త్రవేత్త జెల్దోవిచ్ 1940లలో విడమరచి చెప్పాడు. అలా పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లనే నాక్స్ అంటున్నాం. మంట వేడి తగ్గిస్తే నాక్స్ తగ్గుతుంది, మసి పెరుగుతుంది. మసి తగ్గిద్దామంటే నాక్స్ పెరుగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అందుకని ఇంజన్‌ని దాని మానాన వదిలేసి, పొగనే శుద్ధి చేద్దామన్నారు. ఉత్ప్రేరకం మీదుగా పోయే పొగలో అమ్మోనియా కలిపితే అది నాక్స్‌నే ఏరి పట్టుకుని, మళ్లీ నత్రజనిగా, నీటి ఆవిరిగా మారుస్తుందని అమెరికాలో ఎంగెల్‌హార్డ్ కంపెనీ 1957లో పేటెంట్ తీసుకుంది. 1970లలో జపాన్ దాన్ని విద్యుత్ కేంద్రాల పొగగొట్టాలకు తగిలించింది. అదే ఎస్‌సీఆర్. కదలని కేంద్రంలో అమ్మోనియా ట్యాంకు పెట్టుకోవచ్చు. ఊళ్ల మధ్య నుంచి పోయే లారీలో ఆ విషవాయువును ఎవరు మోయనిస్తారు? దాన్ని మారువేషంలో మోయాలి. ఆ వేషం మన రైతుకు బాగా తెలిసినదే: యూరియా.

ఫ్రెడరిక్ వోలర్ 1828లో అమ్మోనియం సయనేట్ నుంచి యూరియా తయారుచేసి, జీవుల ఒంట్లో పుట్టే పదార్థాన్ని గాజుపాత్రలోనూ పుట్టించవచ్చని చూపాడు. లారీ సైలెన్సర్ ఆ పనిని తిరగేస్తుంది. వేడి పొగలో పడిన యూరియా అమ్మోనియాగా, ఐసోసయానిక్ ఆమ్లంగా విడిపోతుంది. ఆ ఆమ్లం నీటి ఆవిరితో కలిసి మరికొంత అమ్మోనియా ఇస్తుంది. వేడి చాలకపోతే మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. ఆ ఆమ్లపు అణువులు మూడేసి కలిసి సయన్యూరిక్ ఆమ్లమనే తెల్లటి గట్టి పెచ్చుగా పేరుకుంటాయి. 1829లో యూరియాను కాచి దాన్ని తొలిసారి చేసినవాడూ వోలరే. తన పెచ్చు టిప్పర్ల గొట్టాల్లో అడ్డంపడుతుందని పాపం ఆయనేం కలగన్నాడు!

2004-05 నాటికి జపాన్, యూరప్ లారీలకు ఎస్‌సీఆర్ వచ్చింది. ట్యాంకులో పోసేది 32.5 శాతం యూరియా, మిగతాది ఖనిజ లవణాలు తీసేసిన నీరు. సరిగ్గా ఆ పాళ్లలోనే అది అన్నిటికంటే ఆలస్యంగా, మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. శ్రీకాకుళానికి ఆ బెంగ లేకపోయినా పాళ్లు మాత్రం లోకమంతా ఒకటే. షెడ్లలో డెఫ్ అన్నా, ఆడ్‌బ్లూ అన్నా ఇదే.

మన దేశమంతటా బీఎస్-4 కాలుష్య ప్రమాణం అమలైంది 2017 ఏప్రిల్ 1న. అప్పుడు ఎస్‌సీఆర్ లేకుండా గట్టెక్కే దారి ఇంకా ఉండేది. అశోక్ లేలాండ్ పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపే పద్ధతితో సరిపెట్టింది. బీఎస్-5ని దాటేసి 2020 ఏప్రిల్ 1న నేరుగా బీఎస్-6కి దూకేసరికి ఆ దారి మూసుకుపోయింది. భారీ వాహనాల నాక్స్ హద్దు కిలోవాట్ గంటకు 3.5 గ్రాముల నుంచి అర గ్రాము లోపలికి పడింది. డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 50 నుంచి 10కి దిగింది. లారీ కింద మసి పట్టే జల్లెడ, దాని వెనక ఎస్‌సీఆర్, చుట్టూ సెన్సర్లు, ఒక చిన్న రసాయన కర్మాగారమే వేలాడసాగింది.

ఇక మన టిప్పర్. స్కానర్ చూపే కోడ్ "నాక్స్ తగ్గటం లేదు" అంటుంది, అంతే. ఎందుకు తగ్గటం లేదో చెప్పదు. జ్వరం ఉందని చెప్పే థర్మామీటర్‌ని మార్చినంత మాత్రాన జ్వరం దిగదు కదా. సెన్సర్ మంచిదో కాదో తేల్చటానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. యూరియా చిమ్మటం ఆపి, ఉత్ప్రేరకం దాచుకున్న అమ్మోనియా ఖర్చయ్యేదాకా బండిని లోడుతో నడపాలి. అప్పుడు ఎస్‌సీఆర్ ముందున్న సెన్సర్, వెనకున్న సెన్సర్ దాదాపు ఒకే అంకె చూపాలి. చూపితే రెండూ మంచివే. చిమ్మటం మొదలుపెట్టాక వెనకది దిగాలి. ఇక్కడో తిరకాసుంది. ఈ సెన్సర్ అమ్మోనియాను కూడా నాక్స్‌గానే లెక్కపెడుతుంది. కాబట్టి యూరియా ఎక్కువైనా, తక్కువైనా దాని ఫిర్యాదు ఒకటే.

తర్వాత ట్యాంకు. రిఫ్రాక్టోమీటర్ మీద ఒక చుక్క వేస్తే 32.5 ఉందో లేదో తెలిసిపోతుంది. కానీ 45 కిలోల ఎరువు బస్తా విప్పి నీళ్లలో కలిపిన సరుకు కూడా పాళ్లు కుదిరితే అదే అంకె చూపుతుంది. ఆ పరికరానికి గాఢత తెలుస్తుంది గానీ శుద్ధి తెలియదు. రైతుకిచ్చే యూరియాకు 2015 నుంచి వేపనూనె పూత తప్పనిసరి. పైరుకు మేలు చేసే ఆ పూత ఇంజెక్టర్ సన్నని రంధ్రానికి, ఉత్ప్రేరకానికి కీడు. సబ్సిడీ సరుకును ఇలా మళ్లించటం నేరమన్న సంగతి అలా ఉంచండి. వరి ఊడ్పుల వేళ బస్తా కోసం రైతు వరసలో నిలబడే జిల్లాలో అది పొగగొట్టంలోకి పోవటం నాకైతే మింగుడుపడదు.

వైర్లు కూడా చూడాలి. సముద్రం పక్క మండలం, ఉప్పుగాలి. కనెక్టర్ ఊడదీస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము కనబడవచ్చు. దాన్ని తుడిస్తే పోయేదానికి కొత్త సెన్సర్ కొన్నవాళ్లు తక్కువేం ఉండరు. లైటు ఆర్పటానికి ఇంకో దారి కూడా అమ్ముతారు: అంతా బాగానే ఉందని కంప్యూటర్‌కు అబద్ధం చెప్పే డబ్బా. 2015లో ఫోక్స్‌వాగన్ కార్లలో పట్టుబడిన మోసానికి అది చవకబారు తమ్ముడు.

చివరగా గొట్టం విప్పి ఇంజెక్టర్ మూతి దగ్గర చూడాలి. అక్కడ సున్నపు రాయిలాంటి తెల్లటి పెచ్చు దొరికిందనుకుందాం. టిప్పర్ జబ్బు అదే. యూరియా సరిగా విడిపోవటానికి పొగ సుమారు 200 డిగ్రీలు ఉండాలి. వరసలో ఊరికే ఆడే ఇంజన్ పొగ 150 డిగ్రీలకు కూడా చేరదు. దగ్గరి ట్రిప్పుల్లో గొట్టం వేడెక్కేలోపే బండి ఆగుతుంది. అప్పుడింత, ఇప్పుడింత పెచ్చు కడుతుంది. చిమ్మిన ద్రవం పెచ్చు మీద పడి అక్కడే ఎండుతుంది, ఉత్ప్రేరకం దాకా పోదు. కొత్త ఇంజెక్టర్ పెట్టినా అదే చల్లటి గొట్టంలోకి కదా చిమ్మాలి. మసి జల్లెడ కూడా ఇలాగే పూడుతుంది. మసిని కాల్చటానికి దానికి 600 డిగ్రీల దాకా వేడి కావాలి.

మందు సులువే. పెచ్చును వేడినీళ్లతో నానబెట్టి తీసేయాలి. లోడింగు దగ్గర ఇంజన్ ఆపాలి. వారానికోసారైనా నిండు లోడుతో, ఆగకుండా, రణస్థలం వైపు హైవే మీద ముప్పావు గంట లాగించాలి. స్కానర్ తగిలించి పక్క సీట్లో కూర్చుంటే ముందు సెన్సర్ అంకె పైనే ఉండి, వెనకది మెల్లగా కిందికి జారటం కనబడుతుంది. లైటు వెంటనే ఆరదు. బండి తన పరీక్ష తాను మళ్లీ కొన్నిసార్లు చేసుకుని, నమ్మకం కుదిరాకే ఆర్పుతుంది.